పేజీ తిప్పేముందు

అక్టోబర్ 9, 2024. బుధవారం.

పొద్దున నేను లేచేసరికి అమ్మ వంటింట్లో గుమ్మడికాయ ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. హాలోవీన్‌కి మొహం చెక్కడానికని ఆదివారం ఊరి బయట తోటకి వెళ్ళి నా కూతురు ఏరి ఏరి తెచ్చుకున్న కాయ అది.

"గింత కాయను కోసి, కండ్లు ముక్కు పెట్టి బయట వారేస్తరా? తినరా?"

"మనం దిష్టికి గుమ్మానికి కట్టమా అమ్మా, అలాంటిదే."

"అది బూడిద గుమ్మడికాయ. గిది కూర కాయ." అక్కడితో వాదన అయిపోయింది. హన్మకొండ నుంచి వచ్చి నెలే అయినా ఒహాయోలో ఏది తినొచ్చో ఏది తినకూడదో నాకంటే అమ్మకే బాగా తెలుసని ఆమె నమ్మకం. ఈరోజు వెన్నముద్దల బతుకమ్మ, రేపు సద్దులు. తంగేడు ఎలాగూ దొరకదు. ఇండియన్ స్టోర్‌లో బంతిపూలు చెప్పి పెట్టాను. గునుగు బదులు ఇక్కడి రోడ్డు పక్కన పెరిగే ఏదో గడ్డి కోసుకొచ్చి రంగు వేసింది అమ్మ. రెండు అడుగులు దూరం నుంచి చూస్తే గునుగే.

పగలంతా మీటింగులు. రాయడానికేం లేదు.

ఐదున్నరకి ల్యాప్‌టాప్ మూసేశాను. బుధవారం సాయంత్రం నా కోసం నేను అట్టిపెట్టుకున్నది. అమెరికాలో కొత్త కామిక్స్ షాపులకొచ్చేది బుధవారమే. 2020లో, కోవిడ్ గొడవలో, బ్యాట్‌మన్ పుస్తకాలు వేసే డీసీ వాళ్ళు మంగళవారానికి మారిపోయారు. నాలుగేళ్ళపాటు బ్యాట్‌మన్ ఒకరోజు, స్పైడర్‌మన్ ఇంకోరోజు. మొన్న జులై నుంచి మళ్ళీ బుధవారానికి వచ్చేశారు. రెండుసార్లు వెళ్ళే ఓపిక లేక ఈ నాలుగేళ్ళూ నేను బుధవారమే వెళ్ళాను, మంగళవారం సరుకు మిగిలితే మిగిలింది, లేకపోతే లేదు.

ఈరోజు మాత్రం మిగల్లేదు. 'ఆబ్సల్యూట్ బ్యాట్‌మన్' మొదటి సంచిక ఈరోజే విడుదల. నేను వెళ్ళేసరికి గోడ మీద అది ఉండాల్సిన చోటు ఖాళీ. తప్పు షాపు వాళ్ళది కాదు. పుల్ లిస్ట్‌లో, అంటే మనకి కావలసినవి ముందే రాయించి పక్కన పెట్టించుకునే చీటీలో, ఈ పేరు చేర్చమని చెప్పడం నేనే మర్చిపోయాను. 'ఇంకో బ్యాట్‌మన్, ఏముంటుందిలే' అనుకున్నాను. కౌంటర్ దగ్గర నా ముందున్న కుర్రాడు నా మొహం చూసి జాలిపడ్డాడు. బిల్లు కట్టాక "కావాలంటే ఇక్కడే చూసి ఇచ్చేయండి" అని తన కాపీ చేతికిచ్చాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని మరీ అందుకున్నాను.

నిలబడి ఒక పది పేజీలు చదివాను. స్కాట్ స్నైడర్ రాసింది, నిక్ డ్రాగోటా బొమ్మలు. ఇందులో బ్రూస్ వేన్‌కి, అంటే ముసుగు తీసిన బ్యాట్‌మన్‌కి, భవంతి లేదు, డబ్బు లేదు, ఇంజనీరు ఉద్యోగం ఉంది. తండ్రి బడిపంతులు, చిన్నప్పుడు జూలో జరిగిన కాల్పుల్లో పోయాడు. తల్లి బతికే ఉంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ తల్లి ఉండటం. ఎనభై ఏళ్ళకి పైగా ఇద్దర్నీ చంపి కథ మొదలుపెట్టారు కదా, ఒకరిని ఉంచితే వాడు రాత్రిపూట ఎక్కడికెళ్తున్నాడో ఇంట్లో ఎవరికైనా చెప్పుకోవాల్సి వస్తుంది. ఇంకో సంగతి, ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి అవుతుంది. మనిషి కూడా లారీలా ఉన్నాడు. కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూనే నా వేళ్ళు మూలల మీద ఎక్కడ పడుతున్నాయో గమనిస్తున్నాడు. థాంక్స్ చెప్పి ఇచ్చేశాను. రెండో ముద్రణ చూసుకుందాం.

అక్టోబర్ కాబట్టి ముందు బల్ల నిండా దెయ్యాలే. మైకేల్ వాల్ష్ గీస్తున్న 'ఫ్రాంకెన్‌స్టైన్' తీసుకున్నాను. ఆగస్టులో మొదలైంది, నాలుగే సంచికలు. పాత సినిమాలోని ఆ రాక్షసుణ్ణి ఎవరెవరి శవాల ముక్కలతో కుట్టారో, వాళ్ళ వైపు నుంచి చెప్పడం ఇందులో కిటుకు. తండ్రి శవాన్ని సమాధిలోంచి ఎత్తుకుపోయారని తెలుసుకున్న ఒక పిల్లాడు ఉన్నాడు. భయం కంటే దుఃఖం ఎక్కువ. నాకు అలాంటివే నచ్చుతాయి. ఊరికే రక్తం చిందించే పుస్తకాలు రెండు తిరగేసి అక్కడే పెట్టేశాను, వాటి పేర్లు రాసుకోవడం కూడా దండగ.

దాని పక్కనే 'ఎపిటాఫ్స్ ఫ్రమ్ ది అబిస్'. ఒనీ ప్రెస్ వాళ్ళు జులైలో ఈసీ కామిక్స్ పేరుని మళ్ళీ లేపారు, ఇది అందులో మొదటిది. ఒక్కో సంచికలో చిన్న చిన్న భయం కథలు, చివర ఒక మెలిక, తప్పు చేసినవాడికి శాస్తి. పాత పద్ధతే. కథలు కొన్ని బాగున్నాయి, కొన్ని తేలిపోయాయి. అయినా కొంటాను, ఆ పేరు కోసం.

ఎందుకంటే ఆ పేరుకి పట్టిన గతి అలాంటిది. 1950లో మొదలై ఈసీ వాళ్ళ దెయ్యం పుస్తకాలు అమెరికా పిల్లల్ని ఊపేశాయి. పిల్లలు చెడిపోతున్నారని గొడవ మొదలైంది. 1954 ఏప్రిల్‌లో సెనేట్ కమిటీ ముందుకి ఆ ప్రచురణకర్త విలియం గేన్స్ వెళ్ళాడు. ఒక సెనేటర్ ఆయన పత్రికే చేతిలో పట్టుకుని చూపించాడు. అట్ట మీద గొడ్డలి పట్టుకున్న మనిషి, ఇంకో చేతిలో జుట్టు పట్టుకుని ఎత్తిన ఆడమనిషి తల. ఇది మర్యాదగా ఉందంటావా అని అడిగాడు. గేన్స్ ఉందన్నాడు, భయం పుస్తకం అట్టకి ఉండాల్సిన మర్యాద ఉందన్నాడు. తలని ఇంకాస్త పైకి ఎత్తి మెడలోంచి రక్తం కారుతున్నట్టు గీస్తే అప్పుడు బాగోదని కూడా చెప్పాడు. నిజం చెప్పాలంటే బొమ్మలు వేసేవాళ్ళ లెక్కలో అది సరైన జవాబే. ఎంత చూపించాలి, ఎక్కడ ఆపాలి అన్నదే వాళ్ళ పనంతా. కానీ అది చెప్పాల్సిన చోటు అది కాదు. మర్నాడు పేపర్లు ఆడుకున్నాయి.

ఆ ఏడే కంపెనీలన్నీ కలిసి తమ మీద తామే ఒక కోడ్ పెట్టుకున్నాయి. పుస్తకం పేరులో 'హారర్' అనే మాట ఉండకూడదు, 'టెర్రర్' ఉండకూడదు. రక్తపిశాచాలు, తోడేలు మనుషులు, నడిచే శవాలు ఏవీ రాకూడదు. గేన్స్ దెయ్యాల దుకాణం మూతపడింది, ఆయన చేతిలో 'మ్యాడ్' అనే హాస్య పత్రిక ఒక్కటి మిగిలింది. 1971లో కోడ్ సడలించాక గానీ డ్రాక్యులాకి పునర్జన్మ రాలేదు. మార్వెల్ 1972లో ఆయన పేరుతో పత్రికే పెట్టింది, కొన్నాళ్ళకి దాన్ని రాసే పని మార్వ్ వోల్ఫ్‌మన్ చేతికొచ్చింది. ఇంటిపేరే తోడేలు మనిషి! కోడ్ ఉన్న రోజుల్లో ఒక కథలో ఆయన పేరు వచ్చిందని అభ్యంతరం చెప్పారట, అది ఆయన అసలు పేరు మహాప్రభో అని ఆ కథ వేసిన డీసీ వాళ్ళు మొత్తుకోవాల్సి వచ్చిందట. ఎప్పుడు గుర్తొచ్చినా నవ్వొస్తుంది.

కూతురికి 'పంప్‌కిన్‌హెడ్స్' కొన్నాను. రెయిన్‌బో రోవెల్ రాసింది, ఫెయిత్ ఎరిన్ హిక్స్ బొమ్మలు, 2019లో వచ్చింది. నెబ్రాస్కాలో గుమ్మడి తోటలో పనిచేసే ఇద్దరు పిల్లలు, కాలేజీకి వెళ్ళిపోయే ముందు తోటలో వాళ్ళ ఆఖరి రాత్రి. దెయ్యం లేదు, చావు లేదు, తిండి మాత్రం బోలెడు. పుస్తకమంతా నారింజరంగు వెలుగు. పన్నెండేళ్ళ పిల్లకి ఇదే సరిపోతుంది అనుకున్నాను. (అనుకున్నాను అని ఎందుకు రాస్తున్నానో చివర్లో చెప్తాను.)

ఇంటికొచ్చేసరికి ఇల్లంతా పోపు వాసన. అమ్మ అన్నంత పనీ చేసింది. చెక్కుడు కాయ జోలికి పోలేదు గానీ, దాంతోపాటు తోటవాడు ఊరికే ఇచ్చిన చిన్నకాయని కోసి పులుసు పెట్టింది. చెక్కడానికని పెంచే రకం కదా, లోపల పీచూ నీళ్ళూ తప్ప రుచి లేదు. బెల్లం వేసింది, చింతపండు వేసింది, ఏం వేసినా మింగేసి మళ్ళీ చప్పగానే ఉంది. "అందుకే బయట వారేస్తున్నరు" అంది అమ్మ, ఒక ముద్ద తిని. నేను ఆవకాయతో కానిచ్చేశాను.

భోజనాలయ్యాక గత నెలాఖరులో కొన్న బ్యాట్‌మన్ కథ 'ది లాస్ట్ హాలోవీన్' మొదటి సంచిక తీశాను. ఇన్నాళ్ళూ చదవకుండా పెట్టుకున్నాను. జెఫ్ లోబ్, టిమ్ సేల్ కలిసి 1996, 97ల్లో 13 సంచికలుగా చేసిన 'ది లాంగ్ హాలోవీన్'కి ఇది తరువాయి. సేల్ 2022లో పోయాడు. అందుకని ఒక్కో సంచికకి ఒక్కో బొమ్మల మనిషి, మొదటిది ఎడ్వార్డో రిస్సో. బాగా గీశాడు. కానీ ఎక్కడో సేల్ గీసే ఆ పొడుగు చెవుల నీడ కోసం కన్ను వెతుక్కుంటూనే ఉంది. ఆగలేక అలమారలోంచి పాతది కూడా తీసి పక్కన పెట్టుకున్నాను.

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఇంగ్లీషు చదవదు, బొమ్మలు చూస్తానంది. పాతదాంట్లో మొదటి హత్య దగ్గరికి వచ్చాం. బ్యాట్‌మన్ ఉండే గాథమ్ ఊళ్ళో మాఫియా పెద్ద మేనల్లుడు స్నానపు తొట్టిలో ఉంటాడు, హాలోవీన్ రాత్రి. అప్పటిదాకా రంగుల్లో ఉన్న బొమ్మ నలుపు తెలుపులోకి మారిపోతుంది. చంపినవాడు వదిలి వెళ్ళిన గుమ్మడికాయ లాంతరు ఒక్కటే రంగులో. ఇక అక్కణ్ణుంచి ప్రతి పండగకీ ఒక హత్య, ప్రతిసారీ పండగ గుర్తొక్కటే రంగు. అమ్మ వేలు ఆ గుమ్మడికాయ మీద ఆగింది.

"మన చందమామల శవాన్ని భుజం మీదేసుకొని పోతడు సూడు, గట్లున్నది."

శంకర్ గారి బొమ్మ. ఎన్ని నెలలు చూసినా అదే బొమ్మ. చేతిలో కత్తి, భుజం మీద శవం, కాళ్ళ కింద పుర్రెలు. అమ్మ చిన్నప్పుడు చూసింది, నేనూ చూశాను. అందులో విక్రమార్కుడు ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యడు. శవం ఇంకా నోరు విప్పలేదు. నాకు చిన్నప్పుడు భయం వేసింది అక్కడే, తర్వాత పేజీలోని కథకి కాదు. బేతాళుడు మాట్లాడటం మొదలెట్టాడంటే ధైర్యం వచ్చేసేది, మంచి కథ చెప్తాడు కదా.

కామిక్స్‌లో కూడా అంతే అని నా లెక్క. సినిమాలో దెయ్యం దానంతట అది మీదికొస్తుంది, కళ్ళు మూసుకుంటే చాలు, వెళ్ళిపోతుంది. పుస్తకంలో అది పేజీ వెనక కూర్చుని ఉంటుంది, మనం తిప్పేదాకా రాదు. బాగా గీసేవాళ్ళు కుడివైపు పేజీ అడుగున మనకి ఒక తలుపో, ఒక నిశ్శబ్దమో, వెనక్కి తిరుగుతున్న మనిషో చూపించి ఆపేస్తారు. తిప్పేది మన చెయ్యే. జపానులో భయం కామిక్స్ గీసే జున్జి ఇటో 'ఉజుమాకి' అంతా ఈ ఒక్క విద్య మీద నడుస్తుంది. ఒక ఊరికి సుడి ఆకారం పిచ్చి పట్టడం, చెప్పుకుంటే నవ్వొచ్చే కథ. ఆయన ముందు పళ్ళ టెక్నీషియన్‌గా పనిచేశాడట, గీతలు చూస్తే నమ్మొచ్చు. జపాను పుస్తకం కుడి నుంచి ఎడమకి కాబట్టి తిప్పడం కూడా మనకి అలవాటులేని వైపు. పోయిన నెలాఖర్లో అదే టీవీలో యానిమేషన్‌గా మొదలైంది. మొదటి భాగం అదిరింది, రెండోదానికే బొమ్మల్లో ఓపిక తగ్గిపోయింది. టీవీలో మనం తిప్పేదేం లేదు కూడా.

ఇదంతా అమ్మకి చెప్పబోతే నిద్రపోయింది, కుర్చీలోనే. లేపి పడుకోబెట్టాను. పొద్దున పూలు తేవాలి.

రాస్తూ రాస్తూ 'ఉజుమాకి'లో ఒక బొమ్మ సరిచూసుకుందామని ఇప్పుడే అలమార దగ్గరికి వెళ్ళాను. అది ఉండాల్సిన చోట 'పంప్‌కిన్‌హెడ్స్' ఉంది. చాలా నీటుగా పెట్టి ఉంది, వెన్ను బయటికి కనపడేలా.

పిల్ల గది తలుపు కింద వెలుతురు. పదకొండు దాటింది. తలుపు కొట్టబోయి ఆగాను. లోపల నుంచి పేజీ తిప్పిన చప్పుడు వినపడుతుందేమోనని చాలాసేపు నిలబడ్డాను. వినపడలేదు. కాసేపటికి సన్నగా, "అమ్మా, నువ్వేనా అక్కడ?" అంది.