పన్నెండు వాక్యాలు తెలుగులోకి తెచ్చేటప్పుడు

ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో సంవత్సరంలో, కీమోథెరపీ తీసుకుంటున్నవారు తమకు ఎంత అండ ఉందని భావిస్తున్నారో కొలవడాన్ని పరిశోధనాంశంగా ఎంచుకున్నాను. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది ఇక్కడ లెక్క కాదు, అవసరానికి వారు ఆదుకుంటారన్న నమ్మకం రోగికి ఎంత ఉందన్నదే లెక్క. ఇందుకు జిమెట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1988లో ఇంగ్లీషులో ప్రచురించిన ఎంఎస్‌పీఎస్‌ఎస్ (మల్టీడైమెన్షనల్ స్కేల్ ఆఫ్ పర్సీవ్డ్ సోషల్ సపోర్ట్) ప్రశ్నావళిని తీసుకున్నాను. కుటుంబం, స్నేహితులు, ఆత్మీయులైన మరొకరు అనే మూడు భాగాలకు నాలుగేసి చొప్పున అందులో 12 వాక్యాలు ఉంటాయి. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 వరకు ఒక అంకె ఎంచుకోవాలి; ఎంత గట్టిగా ఒప్పుకుంటే అంత పెద్ద అంకె.

ఇద్దరు విడివిడిగా తెలుగు చేశారు. ఆ రెండింటినీ కలిపిన ప్రతిని, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులోకి మార్చగా అది మూలంతో చక్కగా సరిపోయింది. దాంతో పని అయిపోయిందనుకోవడం నా పొరపాటు.

మొదటి వాక్యంలోనే ‘స్పెషల్ పర్సన్’ ఉంది. ‘ప్రత్యేకమైన వ్యక్తి’ అని రాసుకున్నాం. దాన్ని చదివి వినిపించగానే ఒక నడివయసు ఆమె ముఖం ముడుచుకుని, “అట్లాంటివాళ్లు ఎవరూ లేరమ్మా, నేను సంసారిని” అన్నది. తిరుగు అనువాదంలో ఏ తప్పూ కనబడని మాట మంచం దగ్గర ఇలా తేలింది. చివరకు ‘కష్టసుఖాలు చెప్పుకోగలిగినంత దగ్గరి మనిషి’ అని మార్చాం. అయితే ఆ దగ్గరి మనిషి చాలామందికి అక్కో భర్తో కావడంతో, ఈ భాగం కుటుంబం భాగంలో కలిసిపోసాగింది. ఆ చిక్కు నేటికీ నాకు పూర్తిగా విడలేదు.

‘స్నేహితులు’ అన్న మాటా అంతే. “పెళ్లయి వచ్చాక నాకు స్నేహితులెక్కడ తల్లీ” అన్న పెద్దావిడకు, ప్రతి విడతకూ పల్లె నుంచి బస్సులో తోడు వచ్చే మనిషి ఉంది; కాకపోతే ఆమెను పక్కింటి వదిన అంటారు. వాక్యాన్ని మార్చడానికి మా గైడ్ ఒప్పుకోలేదు కనుక, ఇరుగుపొరుగువారూ ఇందులోకే వస్తారన్న వివరణను అందరికీ ఒకే మాటల్లో ముందే చెప్పాను.

చదువు రానివారికి ఏడు అంకెల తేడా చెప్పడానికి అట్టముక్క మీద ఏడు మెట్లు గీశాను. ముందు అవునా కాదా అని, ఆ తరువాత ఎంత మేరకని అడిగితే సులువైంది.

అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైనది పక్కన కూర్చునే మనిషి సంగతి. ఒక పెద్దాయన కొడుకు ఎదుట కుటుంబం గురించిన నాలుగు వాక్యాలకూ పై మెట్టే చూపించారు. కొడుకు ఆరోగ్యశ్రీ కౌంటరుకు వెళ్లగానే, “ఆ నాలుగూ మార్చుకో తల్లీ” అని అట్ట మీద రెండో మెట్టు చూపించారు. పాత అంకెలను ఒక్క గీతతో కొట్టివేసి, కొత్తవి రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కొడుకు వచ్చేలోగా కాగితం ఫైలులో పెట్టేశాను.