ఖాళీ ట్యూబు నీలంగా మారింది: నా అనుభవం

నిన్న సాయంత్రం నా బ్లాంక్ ట్యూబు, అంటే పోలిక కోసం కణాలేమీ వేయకుండా నడిపే ఖాళీ ట్యూబు, రంగు లేకుండా నీళ్లలా నిలబడింది. ఏడు వారాలకి! ఆ సంతోషం ఆరకముందే రాస్తున్నా.

నా పని చిట్టెలుక వృషణం నుంచి వచ్చిన లైడిగ్ కణాల మీద. టీఎం3 అనే సెల్ లైన్, అంటే ల్యాబ్‌లో పెంచుతూ వచ్చే కణాల వంశం. ఎస్ట్రాడయోల్ అనే ఈస్ట్రోజన్ హార్మోన్ ఇస్తే వాటి పొరల్లో కొలెస్ట్రాల్‌కీ ఫాస్ఫోలిపిడ్లకీ (ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులకీ) ఉన్న నిష్పత్తి మారుతుందా అని చూడాలి. పొర ఎంత బిగుసుకుంటుందో, ఎంత కదులుతుందో ఆ నిష్పత్తిని బట్టి ఉంటుంది. పైగా ఈ కణాలు టెస్టోస్టిరాన్ తయారుచేసేది కొలెస్ట్రాల్‌తోనే.

కణాలు పెంచడం ఇబ్బంది కాలేదు. ఫినాల్ రెడ్ అనే రంగు లేని మీడియమే (కణాలు పెరిగే పోషక ద్రవం) వాడండి, ఆ రంగుకే కాస్త ఈస్ట్రోజన్ గుణం ఉంది. లిపిడ్లు (కొవ్వులు) తీయడం ఫోల్చ్ పద్ధతిలో ఒక్క పూట పని: క్లోరోఫాం రెండు పాళ్లు, మెథనాల్ ఒక పాలు, ద్రవం రెండుగా విడిపోయాక లిపిడ్లున్న కింది పొర మనది.

ఫాస్ఫోలిపిడ్లు ఎన్నున్నాయో తెలియాలంటే వాటిలోని ఫాస్ఫరస్ కొలవాలి. అక్కడే నా ప్రాణం తీసింది. లిపిడ్‌ని ఆమ్లంలో కాల్చి, మాలిబ్డేట్ కలిపి, వచ్చిన నీలం రంగుని కొలవాలి. దీనికి మూలం 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారు ఇచ్చిన పద్ధతి. ఎంత గర్వంగా మొదలుపెట్టానో! కణాలే వేయని ట్యూబు ముదురు నీలంగా వచ్చింది. ల్యాబ్ మీటింగులో గ్రాఫ్ పెట్టగానే మా గైడ్, "ఏమ్మా, ఖాళీ ట్యూబులో కూడా కణాలు పెంచావా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

రీఏజెంట్లు మార్చాను, నీళ్లు మార్చాను, మూడు వారాలు పోయాయి. చివరికి సింకు దగ్గర సబ్బుపొడి ప్యాకెట్ తిప్పి చూస్తే సన్నక్షరాల్లో 'ట్రైపాలీఫాస్ఫేట్' అని ఉంది. ట్యూబులు కడిగింది దాంతోనే. గాజుకి అంటుకుని మిగిలిన ఆ ఫాస్ఫేటే ఖాళీ ట్యూబుని నీలం చేసింది. ప్రోటోకాల్ ఇచ్చిన సీనియర్‌ని అడిగితే, "అందరికీ తెలిసిందేగా" అన్నాడు. తెలిసినవాడు కాగితం మీద ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది? ఇది నేను మర్చిపోను.

మీరు మాత్రం ట్యూబుల్ని రాత్రంతా పది శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి, డబుల్ డిస్టిల్డ్ నీళ్లతో బాగా జాడించండి. కణాల జోలికి వెళ్లకముందు బ్లాంకులే ఐదారు నడపండి. సీనియర్ మాట నమ్మొద్దు, ప్యాకెట్ చదవండి.

సోమవారం ఎస్ట్రాడయోల్ ప్లేట్లు మళ్లీ వేస్తున్నా. కొత్త గాజు ట్యూబులు నలభై, నా డ్రాయర్‌లో తాళం వేసి ఉన్నాయి.