హెడ్ పోయిందన్న హార్డ్‌డిస్క్‌లోంచి పెళ్ళి ఫొటోలు: నా అనుభవం

ఆల్బమ్ ఇప్పుడే ప్రింటింగ్‌కి పంపాను. ఇక హాయిగా పడుకోవచ్చు. కానీ సికింద్రాబాద్‌లో నాకు జరిగిన మర్యాద గురించి రాయందే నిద్రపట్టేలా లేదు.

నేను మల్కాజిగిరిలో ఇంటి దగ్గరే పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ఈసారి ఫొటోగ్రాఫర్ అబ్బాయి తన స్టూడియోలో కార్డుల్లోంచి 500 జీబీ హార్డ్‌డిస్క్‌లోకి ఫొటోలు దించుతుంటే గాలివానకి కరెంటు పోయిందట. ఆ సంగతి నాకు చెప్పలేదు. కార్డులేమో ఇంకో పెళ్ళికి ఫార్మాట్ చేసేశాడు. డిస్క్ నా చేతిలో పెట్టి "అన్నీ ఉన్నాయక్కా" అని వెళ్ళిపోయాడు. తెరిచి చూస్తే పెళ్ళి ఫోల్డర్ ఖాళీ.

అయితే ఒక తేడా కనిపించింది. మిగతా ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి సైజు చూస్తే ఒక లెక్క, డిస్క్‌లో వాడిన జాగా అని చూపించేది ఇంకో లెక్క. మధ్యలో దాదాపు 60 జీబీకి లెక్క తేలడం లేదు. అంటే ఫొటోలు లోపలే ఉన్నాయి, వాటి జాడ మాత్రమే పోయింది. అయినా పరాయివాళ్ళ పెళ్ళి కదా, ప్రయోగాలు చేయడం ఎందుకని పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) బయల్దేరాను. అక్కడ డేటా రికవరీ బోర్డు పెట్టిన ఒక షాపులోకి వెళ్ళాను.

కౌంటర్ దగ్గరి కుర్రాడు డిస్క్‌ని కంప్యూటర్‌కి తగిలించి అరనిమిషం చూశాడో లేదో, "హెడ్ పోయింది మేడమ్, క్లీన్‌రూమ్‌లో విప్పాలి, 18 వేలవుతుంది" అన్నాడు. హెడ్ అంటే డిస్క్ లోపల డేటాని చదివే ముల్లు లాంటి భాగం, క్లీన్‌రూమ్ అంటే దుమ్ము లేని గది. స్క్రీన్ నాకూ కనిపిస్తోంది. "హెడ్ పోతే డిస్క్ పేరు, మిగతా ఫోల్డర్లు, ఖాళీ ఎంతుందో అన్నీ ఎలా చూపిస్తోంది బాబూ?" అని అడిగాను. వాడు ఓనర్ వైపు చూశాడు. ఓనర్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "ఇది టెక్నికల్ మేడమ్, మీకు అర్థం కాదు. సార్‌ని తీసుకురండి, ఆయనకి చెప్తాం" అన్నాడు.

మా సార్ సంగతి చెప్పాలిక్కడ. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ ఎక్కడ సేవ్ అయిందో వెతకడానికి కూడా నన్నే పిలుస్తారు. ఆయన్ని తీసుకెళ్ళి ఈయన ముందు కూర్చోబెట్టాలన్నమాట! వెనకాల నిలబడ్డ కాలేజీ కుర్రాళ్ళిద్దరు ముసిముసిగా నవ్వారు. నా మొహం మండిపోయింది. డిస్క్ ఇచ్చెయ్యండి అన్నాను. ఇన్‌స్పెక్షన్ ఛార్జి 500 కడితేనే ఇస్తామన్నారు. ముందు చెప్పలేదు, బోర్డు మీదా లేదు. డిస్క్ వాళ్ళ డ్రాయర్‌లో ఉంది, అందులో ఎవరిదో పెళ్ళి ఉంది, కట్టకేం చేస్తాను? డబ్బు లెక్కపెడుతుంటే ఓనర్ కుర్రాడితో అన్నాడు: "జాన్‌దేవ్ భాయ్, ఘూమ్ ఫిర్‌కే యహీచ్ ఆతీ." (పోనీలే, తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది అని.) నేను మౌలాలీలో పుట్టి పెరిగినదాన్ని. "నక్కో భాయ్, నై ఆతీ" (వద్దు భాయ్, రాను) అని, రసీదు రాయించుకుని మరీ బయటికొచ్చాను. ఆ ఒక్క మాట అనగలిగినందుకే ఇంటికొచ్చాక అన్నం తినగలిగాను.

ఇంట్లో మొదట చేసింది డిస్క్ ఆరోగ్యం చూడటం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరుకుతుంది. అందులో రీఅలొకేటెడ్, పెండింగ్, అన్‌కరెక్టబుల్ సెక్టార్లు అనే మూడు వరసలు చూడాలి. మూడింటిలోనూ సున్నాలే, అంటే డిస్క్‌లో చెడిపోయిన చోట్లేవీ నమోదు కాలేదు. హెడ్ పోయిన డిస్క్ అట! నిజంగా హెడ్ పోతే చాలాసార్లు టిక్ టిక్‌మని చప్పుడొస్తుంది. అలాంటిది వినిపిస్తే మాత్రం వెంటనే పవర్ తీసేసి, ఇంట్లో ఏ ప్రయోగమూ చేయకండి. అది నిజంగానే క్లీన్‌రూమ్ కేసు.

తర్వాత మా తమ్ముడు లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూతో డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్ మీదికి నకలు తీశాడు. ఆ నకలు మీదే మిగతా పని. ఎందుకంటే తర్వాత వాడబోయే చెక్‌డిస్క్ (డిస్క్‌ని పరీక్షించే విండోస్ కమాండ్) రిపేరు చేసేటప్పుడు డిస్క్ మీద రాస్తుంది. ఒకసారి రాశాక వెనక్కి తీసుకోలేం.

ఉత్త చెక్‌డిస్క్ కొడితే ఏమీ మార్చదు, చూసి చెప్తుంది అంతే. ఏ ఫైలుకీ చెందని బ్లాకుల గొలుసులున్నాయని చెప్పింది. ఈ డిస్క్‌లో ఫైళ్ళని అమర్చే పద్ధతి ఫ్యాట్32. అందులో ఏ బ్లాకు తర్వాత ఏ బ్లాకో రాసుకునే పట్టిక ఒకటి, ఏ ఫైలు ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఫోల్డర్ ఎంట్రీలు వేరు. కల్యాణమండపంలో గది తాళం ఇచ్చేసినట్టు గుర్తుంది గానీ, రిజిస్టర్‌లో విడిదివాళ్ళ పేరు లేదు, అలాంటి పరిస్థితి. కరెంటు పోయినప్పుడు ఆ పేర్ల పేజీయే పాడైంది, గదుల్లో జనం క్షేమంగానే ఉన్నారు.

ఇక రిపేరు చేయమని స్లాష్ ఎఫ్ పెట్టి నడిపితే ఆ గొలుసుల్ని ఫైళ్ళుగా మార్చమంటారా అని అడుగుతుంది. ఇక్కడ వై నొక్కాలి. ఎన్ నొక్కితే ఆ జాగాని ఖాళీ కింద లెక్కేసేస్తుంది, తర్వాత కాపీ చేసేవి వాటి మీదే పడతాయి. ఇంత ముఖ్యమైన ప్రశ్నని అంత పొడిగా అడిగే ప్రోగ్రామ్ రాసినవాళ్ళకి ఓ నమస్కారం. స్లాష్ ఆర్ జోలికి మాత్రం పోకండి. అది చెడ్డ సెక్టార్ల కోసం డిస్క్ అంతా చదువుతుంది, నీరసంగా ఉన్న డిస్క్‌ని ఇంకా అరగదీస్తుంది.

ఫౌండ్ డాట్ 000 అనే ఫోల్డర్ తయారైంది. అది మామూలుగా కనిపించదు, దాచిన సిస్టమ్ ఫైళ్ళు చూపించమని సెట్టింగ్ మార్చాలి. లోపల ఫైల్0000 డాట్ సీహెచ్‌కే, ఫైల్0001 డాట్ సీహెచ్‌కే అంటూ వేలకి వేలు. ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పిచ్చి గీతల మధ్య మొదట్లోనే ఎగ్జిఫ్ అన్న అక్షరాలు (ఫొటోలోనే కెమెరా రాసే వివరాల పేరది). అంటే జేపెగ్ ఫొటోయే. రినేమ్ కమాండ్‌తో అన్నిటికీ జేపీజీ తగిలించాను. పెళ్ళికూతురు మొహం కనిపించింది!

ఫైళ్ళ పేర్లు పోయాయి గానీ, ఫొటో తీసిన సమయం ఆ ఎగ్జిఫ్‌లోనే ఉంటుంది. డేట్ టేకెన్ ప్రకారం పేర్చితే స్నాతకం, కాశీయాత్ర, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు వరసగా వచ్చేశాయి. కొన్ని ఫొటోలు సగం దాకా వచ్చి కింద బూడిదరంగు పట్టేశాయి. అందులో పెళ్ళికొడుకు మేనమామది ఒకటి. ఆయన లేకపోతే మగపెళ్ళివారు ఊరుకోరు కాబట్టి బంతిలో కూర్చున్న ఫొటో ఒకటి వెతికి, ఆయన్ని అందులోంచి కత్తిరించి పేజీలో పెట్టాను. ఫొటోగ్రాఫర్ బిల్లులో ఆ 500 కూడా కలిపాను, రసీదు పిన్ చేసి మరీ.