వయార్తాలో గడియారం చూసి తినాలి

ఫిబ్రవరి, గురువారం. మెక్సికో పసిఫిక్ తీరంలోని ప్యుయెర్టో వయార్తా.

పొద్దున ఎనిమిదిన్నర. ఈ ఊళ్లో ఎక్కడ తినాలి అని అడిగితే సరిపోదు, ఎన్నింటికి తినాలి అని కూడా అడగాలి. బిర్రియా పొద్దుటి తిండి. మేకమాంసమో గొడ్డుమాంసమో తీసుకుని ఎండుమిరప, వెల్లుల్లి, లవంగం, దాల్చినచెక్క, జీలకర్ర, వెనిగర్ కలిపి నూరిన ముద్ద పట్టించి గంటల తరబడి సన్నసెగ మీద ఉడికిస్తారు. మధ్యాహ్నానికి చాలా బళ్ల మీద గిన్నె ఖాళీ. "దొరాదో" అని అడిగితే మొక్కజొన్న రొట్టెను ఆ కూర మీద తేలే ఎర్రటి కొవ్వులో ముంచి, పెనం మీద కరకరలాడేదాకా కాలుస్తారు. పక్కన కప్పులో పులుసు ఇస్తారు, దాన్ని కొన్సొమే అంటారు. నిమ్మకాయ పిండి, ఉల్లిముక్కలు, కొత్తిమీర వేసుకుని వేడివేడిగా తాగేయాలి, చల్లారితే పైన కొవ్వు పేరుకుంటుంది. మూడు టాకోలు (కూర పెట్టి మడిచిన మొక్కజొన్న రొట్టెలు) చాలు, ముందు నడక ఉంది.

తొమ్మిదిన్నర. పాతూళ్లో బసీలియో బదీయో, కొన్‌స్తితూసియోన్ వీధులు కలిసే మూల నుంచి బొకా బస్సు. ఒడ్డు వెంబడి సుమారు అరగంట. బొకా దె తొమత్లాన్‌లో దిగి, చిన్న నది దాటితే కాలిబాట మొదలు. ముప్పావు గంటలోపే కొలొమితోస్ అనే బుల్లి తీరం వస్తుంది, నీళ్లు పచ్చరాయి రంగు. జనం పెరిగాక అక్కడ తువ్వాలు పరిచే చోటు కూడా దొరకదు, అందుకే పెందలాడే రావాలి. బొకా నుంచి లాస్ ఆనిమాస్ అనే తీరం దాకా మొత్తం నడక రెండు గంటల లెక్క వేసుకోవచ్చు. మనిషికి లీటరున్నర నీళ్లు తప్పనిసరి. రబ్బరు చెప్పులతో వచ్చినవాళ్లు చెట్ల వేళ్లూ రాళ్లూ ఉన్న దిగుడు దగ్గర చేతులు కూడా వాడాల్సి వస్తుంది. వానలు జూన్ నుంచి అక్టోబరు దాకా, ఆ నెలల్లో ఈ బాట బురద.

పన్నెండున్నర. లాస్ ఆనిమాస్. చేపకు ఇదే వేళ. పెస్కాదో సరందియాదో అంటే చేపను వీపు వైపు నుంచి చీల్చి పుస్తకంలా తెరిచి, మసాలా పూసి, రెండు ఇనుప జాలీల మధ్య బిగించి కట్టెల నిప్పు మీద కాల్చడం. పక్కనున్న నాయరీత్ రాష్ట్రం వంట ఇది. మసాలాలో ఎండుమిరప, వెల్లుల్లి, నిమ్మరసం మామూలే. సోయా సాస్, మయొనైజ్ కలిపేవాళ్లూ ఉన్నారు, వినడానికి ఎలా ఉన్నా మయొనైజ్ వల్ల చేప ఎండిపోదు. ధర చాలాచోట్ల కిలో లెక్క, అదీ పచ్చి చేప బరువు మీద. నిప్పు మీదకు వెళ్లకముందే తూకం వేయించి, మొత్తం ఎంతో నోటితో చెప్పించుకోవాలి. గొడవలన్నీ బిల్లు వచ్చాకే మొదలవుతాయి. ఇంకోటి: మెనూలో కనిపించే డాలరు గుర్తు పెసో గుర్తే. కొత్తవాళ్లు గుండె పట్టుకునేది దాన్ని చూసే.

చేప కాలడానికి అరగంట పైనే. ఈలోగా సెవిచే టొస్తాదా. సియెర్రా చేప మన వంజరానికి దాయాది. దాన్ని సన్నగా కొట్టి నిమ్మరసంలో నానబెట్టి, తురిమిన క్యారెట్, ఉల్లి, కొత్తిమీర కలిపి, నూనెలో వేయించిన మొక్కజొన్న రొట్టె మీద పెడతారు. అప్పడం మీద కోసంబరి అనుకోండి. ఐదు నిమిషాలు ఆగితే అడుగు మెత్తబడి ఒళ్లో పడుతుంది. నిమ్మరసం చేపను తెల్లబరుస్తుందే గాని, నిప్పులా క్రిములను చంపదు. అందుకే మధ్యాహ్నంలోపు, ఐసు మీద ఉంచిన చోటే.

శాకాహారులకో మాట. మాంసం వద్దంటే సరిపోదు. ఉడికిన బీన్స్‌లో పందికొవ్వు, అన్నంలో కోడిపులుసు ఉండొచ్చు. "సిన్ మంతేకా", "సిన్ కాల్దో దె పోయో" అని విడివిడిగా చెప్పాలి. కాల్చిన పొబ్లానో మిరపచీలికలతో చేసే రాహాస్ టాకో మన నోటికి బాగా పడుతుంది.

మూడున్నర. తిరుగు ప్రయాణం పడవలో. ఆఖరి పడవ ఎప్పుడో దిగగానే అడగాలి, చేప తిన్నాక కాదు. మధ్యాహ్నం గాలి లేస్తే ముందు వరసలో కూర్చున్నవాళ్ల నడుం పని అయిపోతుంది. వెనక కూర్చోవడం మేలు, ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టడం ఇంకా మేలు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఈ అఖాతంలో హంప్‌బ్యాక్ తిమింగలాలుంటాయి, అదృష్టం ఉంటే టిక్కెట్టు లేకుండానే కనబడతాయి.

ఐదు. మలెకోన్, సముద్రపొడ్డు నడకదారి. తూబా అమ్మే మనిషి భుజాన పెద్ద సొరకాయ బుర్ర. మూత తీస్తే వచ్చే వాసన తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు: కొబ్బరి కల్లు! మనీలా నుంచి వచ్చే స్పెయిన్ ఓడల్లో ఫిలిప్పీన్స్ మనుషులు ఈ తీరానికి తెచ్చిన విద్య ఇది. ఆ ఓడలు 1565 నుంచి 1815 దాకా నడిచాయి. ఇక్కడ తీయగా, ఆపిల్ ముక్కలు, వేరుశనగలు వేసి గ్లాసులో ఇస్తారు. తాజాది నీరాలా ఉంటుంది, పొద్దుపోయేకొద్దీ పులుపు. గ్లాసు చేతిలో పట్టుకుని గ్వాదలూపే అమ్మవారి గుడి దాకా నడవొచ్చు. గోపురం మీది కిరీటం 1995 భూకంపంలో దెబ్బతింటే మళ్లీ కట్టారు. దారిలో ఉచిత టిఫిన్, సగం ధరకు పడవ అని ఎవరైనా పిలిస్తే, దాని వెనక రెండు మూడు గంటల టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు వాడుకునే విడిది వాటా) అమ్మే ఉపన్యాసం ఉంటుంది.

రాత్రి తొమ్మిది. పాస్తోర్ టాకోల వేళ. నిలువు ఊచకు గుచ్చిన ఎర్రటి పందిమాంసం, పైన అనాసకాయ. లెబనాన్ నుంచి వచ్చినవాళ్ల షవర్మా ఇక్కడికొచ్చి ఇలా మారింది. బండి తెరిచిన వెంటనే వెళ్లకూడదు, పైపొర అంచులు మాడేదాకా ఆగాలి. సాల్సాల (మిరప పచ్చళ్ల) దగ్గర మన అనుభవం పనిచేయదు. ఎర్రగా ఉన్నది ఊరికే పొగవాసనతో ఉండొచ్చు, మజ్జిగపులుసులా అమాయకంగా కనిపించే లేతపచ్చది చెవుల్లోంచి పొగ తెప్పించొచ్చు. ముందు ఒక్క చుక్క, తర్వాత చెంచా. హోటల్లో అయితే "లా క్వెంతా" అని అడిగేదాకా బిల్లు తేరు, అడగకుండా తేవడం పొమ్మనడమే వాళ్ల లెక్కలో. బండి దగ్గర ఆ బెడదే లేదు. ప్లేటుకు ప్లాస్టిక్ సంచి తొడిగి ఇస్తారు, తిన్నంతసేపూ ఎవరూ ఏమీ అడగరు, చివర్లో ఎన్ని తిన్నారో మీరే లెక్క చెప్పి డబ్బివ్వాలి.