93 చాలట

ఉదయం డ్యూటీ. నాలుగో బెడ్ పెద్దాయన నిమోనియాతో వెంటిలేటర్ మీద ఉండబట్టి ఇవాళ్టికి నాలుగు రోజులు. పరకాల దగ్గర పత్తి రైతు. రౌండ్స్‌లో డాక్టరు గారు ఆక్సిజన్‌ను 60 శాతం నుంచి 50కి తగ్గించమన్నారు. తగ్గించి అక్కడే నిలబడ్డాను. మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ శాతం 98 నుంచి మెల్లగా దిగి 93 దగ్గర ఆగింది. వేలికున్న క్లిప్పు సర్దుతూ గోళ్లు చూశాను. అంచుల్లో చేను మట్టి ఇంకా ఉంది, ఆక్సిజన్ తక్కువైతే వచ్చే నీలం మాత్రం లేదు.

పదకొండింటికి కొడుకు వచ్చాడు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి దింపి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద దూది పోగులు. తండ్రి ముఖం కంటే ముందు ఆ అంకెనే చూశాడు.

"నిన్న 98 ఉంది కదా సిస్టర్! ఎందుకు తగ్గించారు? ఖర్చు ఎంతైనా సరే, ఆక్సిజన్ మాత్రం తగ్గించకండి."

2021లో సిలిండర్ కోసం ఊళ్లు తిరిగిన రోజులు ఏ ఇంట్లోనూ మరిచిపోలేదు. ఆక్సిజన్ తగ్గించామంటే ఆశ వదిలేశామని వినిపించడంలో వింత లేదు.

"మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే తమ్ముడూ" అని మొదలుపెట్టాను. మిగతాదంతా దాదాపు నైట్రోజన్. అది రక్తంలోకి పెద్దగా వెళ్లదు, ఊపిరితిత్తుల గాలి గదుల్లోనే ఉండి వాటిని తెరిచి ఉంచుతుంది. దాని చోటంతా ఆక్సిజన్‌తో నింపితే రక్తం దాన్ని పీల్చేసుకుంటుంది. కొత్త గాలి సరిగా చేరని గదులు ముడుచుకుపోతాయి. రోజుల తరబడి ఎక్కువ మోతాదులో ఇస్తే లోపలి పొరలు కూడా వాస్తాయి. లోరైన్ స్మిత్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని జంతువుల మీద 1899లోనే చూపించాడు.

నాకు 93 కంటే 100 చూస్తేనే గుబులు. రక్తంలో ఆక్సిజన్ పీడనం 200 ఉన్నా 400 ఉన్నా మానిటర్‌లో కనిపించేది ఆ నూరే.

కాసేపు ఆలోచించి, "యూరియాలాగానా సిస్టర్? ఎక్కువ వేస్తే చెట్టు ఏపుగా పెరుగుతుంది, కాయ పట్టదు" అన్నాడు. ఇన్నేళ్ల నా డ్యూటీలో దీన్ని ఇంత చక్కగా చెప్పినవారు లేరు.

తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందని మాత్రం నేను మాట ఇవ్వలేదు. బ్రిటన్‌లో 97 ఐసీయూల్లో దాదాపు 16,500 మందిని పరిశీలించి 2025లో ఫలితాలు ప్రకటించారు. మానిటర్‌లో అంకెను 90 దగ్గర ఉంచినా, ఆక్సిజన్ మామూలు పద్ధతిలో ఇచ్చినా, 90 రోజుల్లో మరణాలు దాదాపు సమానమే. తగ్గించినందువల్ల మనిషి పోతాడన్న భయానికి అయితే ఆధారం దొరకలేదు. ఆ పిల్లవాడికి ఇవాళ కావలసింది ఆ ఒక్క ముక్క.

మధ్యాహ్నం రక్త పరీక్షలో పీడనం 68 వచ్చింది. డాక్టరు గారు చూసి, ఇచ్చే ఆక్సిజన్‌ను 50 నుంచి 45 శాతానికి దించమన్నారు. కఫం తీసి, తల వైపు మంచం ఎత్తి, ట్యూబు కట్టు మార్చాను.

డ్యూటీ దిగి వస్తుంటే వరండాలో బల్ల మీద కూర్చుని ఫోనులో చెబుతున్నాడు: "93 ఉందమ్మా. అది చాలట. నువ్వు అన్నం తిను."