స్టీలు ముక్కల్లో గుల్లలు: మూడో వారం

పొడిని లేజర్‌తో కరిగించి పొరలుగా పేర్చే ప్రింటింగ్‌లో చేయించిన మూడు 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఘనాలు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి. వాటి లోపల గుల్లలు, అంటే సన్న ఖాళీలు, ఎంత ఉన్నాయో, ఎందుకొచ్చాయో చూస్తున్నా. ఒక్కోటి 10 మి.మీ. మూడింటికీ లేజర్ 200 వాట్లు, పొర మందం 0.04 మి.మీ., గీతకీ గీతకీ ఎడం 0.1 మి.మీ. మార్చింది లేజర్ వేగం ఒక్కటే: సెకనుకు 400, 800, 1600 మి.మీ. లేజర్ పోసిన శక్తి లెక్క కడితే ఘనపు మిల్లీమీటరుకు 125, 62.5, 31.25 జౌళ్లు.

ముక్కని గాలిలో, నీళ్లలో తూచి సాంద్రత కడితే గుల్ల ఎంతో తెలుస్తుంది. కానీ మొదటి వారం తూకాలన్నీ వేస్టు. ఈ సైజు ముక్క నీళ్లలో కోల్పోయే బరువు గ్రాము. వంటింటి కాటా 0.01 గ్రాము దాకే చూపిస్తుంది, అంటే తప్పే ఒక శాతం. నేను వెతుకుతున్నది అర శాతం గుల్లని! బంగారం తూచే 0.001 గ్రాము కాటా కొన్నాక దారిలో పడింది. నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి. లేకపోతే గరుకు పైభాగానికి బుడగలు అంటుకుని లేని గుల్లలు లెక్కలోకి వస్తాయి. వచ్చిన సాంద్రతలు వరసగా ఘనపు సెంటీమీటరుకు 7.85, 7.95, 7.69 గ్రాములు. గుల్ల లేకపోతే 7.98 దగ్గర ఉండాలి.

గుల్ల ఎందుకొచ్చిందో మాత్రం కోస్తేనే తెలుస్తుంది. హాక్సాతో నడిమికి కోసి, 220 నంబరు నుంచి 2000 నంబరు దాకా ఎమరీ కాగితం పట్టా. నంబరు మార్చినప్పుడల్లా ముక్కని 90 డిగ్రీలు తిప్పాలి, పాత గీతలు పూర్తిగా పోవాలి. చివర డైమండ్ పేస్టు.

1600 ముక్కలో పొరల వెంబడి అడ్డంగా వంకర టింకర సందులు. లోపల నల్లటి రవ్వలు చూసి కరగని పొడి దొరికిందని సంబరపడ్డా. కళ్లజోళ్లు కడిగే అల్ట్రాసోనిక్ డబ్బాలో ఐదు నిమిషాలు పెడితే ఆ నలుపంతా మాయం, అది నా ఎమరీ రవ్వే! అసలు పొడి మాత్రం సందు గోడకి మెరిసే చిన్న గుండ్లలా అతుక్కుని అలాగే ఉంది.

400 ముక్కలో గుల్లలు గుండ్రం. వేడి ఎక్కువైతే లోహం ఆవిరై కరుగు గుంట బావిలా లోతుకి దిగుతుంది. ఆ బావి అడుగున కూలి మూసుకుపోయినప్పుడు బుడగ చిక్కుతుంది. అంచుకి కొంచెం లోపల ఇవి పూసలు గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. గీత చివర లేజర్ మలుపు తిరిగేటప్పుడు నెమ్మదించే చోటు అదే అనుకుంటా.

800 ముక్కలో మొదట ఏమీ కనబడలేదు. స్టీలు సాగి గుల్లల మూతుల్ని కప్పేస్తుంది మరి. ఇంకో పది నిమిషాలు పేస్టు పడితే నాలుగైదు సన్న చుక్కలు తేలాయి.

వచ్చే వారం 400 ముక్కని ఇంకో మిల్లీమీటరు అరగదీసి ఆ పూసల వరస ఎంతవరకు పోయిందో చూడాలి. భుజం నొప్పి తగ్గితే.