ఆ 16 డిగ్రీలు ఎటు తిప్పాలి?

లాస్ ఏంజెలెస్‌లో ఉద్యోగంలో చేరిన మూడో నెలలోనే ఫాల్ట్‌కి (భూకంపాలు పుట్టే నేల పగులుకి) దగ్గర్లో కట్టబోయే ఒక బిల్డింగ్ నా మెడకు చుట్టుకుంది. టైమ్ హిస్టరీ అనాలిసిస్ కోసం, అంటే నిజం భూకంపాల కదలికలకు బిల్డింగ్ ఎలా ఊగుతుందో కంప్యూటర్‌లో చూడటానికి, 11 భూకంపాల రికార్డులు ఎంచి, తిప్పి, స్కేల్ చేసి ఇవ్వాలి. భూకంప రికార్డులు దాచే పీర్ డేటాబేస్ నుంచి ఫైళ్లు దించుకోవడం గంట పని. తంటా అంతా ఆ తర్వాతే.

రికార్డు చేసే పరికరం మన బిల్డింగ్‌ని చూసి పెట్టింది కాదు కదా, దాని దిక్కులు దానివి. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో రినాల్డి స్టేషన్‌దే చూడండి. దాని రెండు కాంపోనెంట్లు, అంటే అడ్డంగా రెండు దిక్కుల్లో కొలిచిన కదలికలు, ఉత్తరం నుంచి లెక్కిస్తే 228, 318 డిగ్రీల దిక్కుల్లో ఉంటాయి. ఆ భూకంపం పుట్టిన ఫాల్ట్ 122 డిగ్రీల దిక్కున సాగుతుంది. దానికి లంబం 32, వెనక్కి చూస్తే 212. కట్టే చోటికి ఫాల్ట్ ఇంత దగ్గరుంటే రికార్డుని ఫాల్ట్‌కి లంబంగా, సమాంతరంగా తిప్పి వాడమంటుంది ఏఎస్‌సీఈ 7-16 అనే అమెరికా డిజైన్ ప్రమాణం. వాస్తులో కూడా ఇన్ని దిక్కుల తగువు ఉండదేమో! 228 నుంచి 212కి తిప్పాల్సింది మాత్రం 16 డిగ్రీలే.

ఎక్సెల్‌లో పది నిమిషాల్లో తిప్పేశాను. రెండు కాంపోనెంట్ల వర్గాలు కలిపితే, తిప్పక ముందు ఎంతో తిప్పాకా అంతే రావాలి. వచ్చింది. కానీ వెలాసిటీ గ్రాఫ్ గీస్తే ఏదో తేడా కొట్టింది. రినాల్డి అంటేనే లంబ దిశలో పెద్ద పల్స్‌కి, అంటే ఒక్కసారిగా వచ్చే బలమైన కుదుపుకి, పేరు. నాకేమో పీక్ 228 కాంపోనెంట్‌లో ఉన్నదాని కంటే తగ్గింది. రెండు రోజులు తల పట్టుకున్నాను.

చివరికి కాకినాడలో చదివినప్పటి సీనియర్‌కి ఫోన్ చేశాను.

“వర్గాలు కలిపితే ఎటు తిప్పినా అంతే వస్తుందిరా. సరిగ్గా 212 వైపు 1 జి (భూమి గురుత్వ త్వరణమంత) కదలిక ఇచ్చి చూడు. లంబంలో 1, రెండోదాంట్లో 0 రావాలి.”

అంటే 228 గడిలో 0.961, 318 గడిలో మైనస్ 0.276 వేశాను. వచ్చినవి 0.848, 0.53.

“అన్నా, దొరికింది!”

దిక్సూచి కోణాలు గడియారం ముల్లులా తిరుగుతాయి, నేను వాడిన పుస్తకం సూత్రం దానికి ఎదురు. 16 ఇటు తిప్పాల్సింది అటు తిప్పి 32 డిగ్రీల దూరంలో పడ్డాను. ఒక్క మైనస్ గుర్తు!

స్కేలింగ్‌లోనూ ఒక పిచ్చి పని చేశాను. రెండు కాంపోనెంట్లనీ విడివిడిగా టార్గెట్ స్పెక్ట్రమ్‌కి (ఏ పీరియడ్ దగ్గర ఎంత బలం ఉండాలో చెప్పే గీతకి) అందేలా పెంచేశాను. అలా చేస్తే రినాల్డికి ప్రాణమైన, రెండు దిక్కుల మధ్య తేడాయే పోతుంది. ఒక రికార్డులో రెండింటికీ ఒకటే గుణకం ఉండాలి. మా బిల్డింగ్ పీరియడ్ (ఒకసారి ఊగి రావడానికి పట్టే టైమ్) 1.4 సెకన్లు, దాని 0.2 రెట్ల నుంచి 2 రెట్ల దాకా చూడాలి కాబట్టి 0.28 నుంచి 2.8 దాకా చూడాలి. ఆ మేరలో ఎక్కడా 11 రికార్డుల గరిష్ఠ దిశ స్పెక్ట్రాల (ఏ దిక్కున ఎక్కువుంటే ఆ విలువలతో గీసిన గీతల) సగటు టార్గెట్‌లో 90 శాతం కంటే తగ్గకూడదు. 2.6 దగ్గర కాస్త తగ్గితే అన్ని గుణకాలూ కొంచెం పెంచాను.

ఆ 212 గడుల్ని మాత్రం షీట్‌లోంచి తీసేయలేదు. మొన్న కొత్త రికార్డు పెట్టగానే ముందు వాటినే చూశాను. 1, 0.